సొంత సైటుకి సాఫ్ట్‌వేర్ కూడా మనమే రాసుకోవాలా?

గోంగూర గిట్ (మారతహళ్ళి)

అందరికీ నమస్కారం. నాకు తెలుగులో ఒక చిన్న సైటు ఉంది. వంటలు, ఊరి కబుర్లు, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ మీద ఏడుపు, అంతే. ఏళ్ళ తరబడి వర్డ్‌ప్రెస్‌తో షేర్డ్ హోస్టింగ్‌లో నడుస్తోంది. ఈ మధ్య హోస్టింగ్ వాళ్ళు వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాషను వెర్షన్ 8కి మార్చారు. ఎప్పుడో అప్‌డేట్లు ఆగిపోయిన నా థీమ్ దాన్ని తట్టుకోలేక తెల్ల పేజీ చూపించింది. ఎలాగో నిలబెట్టాను. కానీ ప్లగిన్లు అప్‌డేట్ చేస్తూ కూర్చోవడం, లాగిన్ పేజీ మీద బాట్ల దాడి చూసి టెన్షన్ పడడం ఇక నా వల్ల కాదు.

పైథాన్ బాగానే వచ్చు. మార్క్‌డౌన్ (చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) ఫైళ్ళు తీసుకుని హెచ్‌టీఎంఎల్ పేజీలు తయారుచేసి పెట్టే ప్రోగ్రాం ఒకటి నేనే రాసుకుందామని ఉంది. ఆఫీసులో చెబితే నవ్వుతున్నారు. మీలో అలా రాసుకుని, రాశాక కూడా నడుపుకుంటూ వస్తున్నవాళ్ళు ఉంటే చెప్పండి. పని ఎక్కడ ఇరుక్కుంటుంది? తర్వాత నిర్వహణ ఎంత పడుతుంది?

కోరమంగళ కాకి

హ్యూగో పెట్టుకోండి, మీరు రాద్దామనుకునే ప్రోగ్రాం లాంటిదే, రెడీమేడ్‌గా దొరుకుతుంది. 2013 నుంచి ఉంది, ఒకే బైనరీ, వేల పేజీలైనా సెకన్లలో తయారుచేస్తుంది. మీకన్నా తెలివైనవాళ్ళు ఏళ్ళుగా రాస్తున్నారు.

నేను చూసిన సొంత ఇంజిన్ బ్లాగులన్నిట్లో మొదటి టపా ‘నా కొత్త బ్లాగు ఇంజిన్’. రెండోది ‘ఇంజిన్ మళ్ళీ మొదట్నుంచి రాశాను’. మూడో టపా ఉండదు.

సెమికోలన్

నెక్స్ట్ జేఎస్‌లో చేసేయండి గిట్ గారూ. రియాక్ట్ కాంపోనెంట్లు, ఎడ్జ్ రెండరింగ్, అన్నీ రెడీగా ఉంటాయి. వారాంతంలో అయిపోతుంది.

టెర్మినల్ తాత (జయనగర్)

సెమికోలన్ బాబూ, గోంగూర పచ్చడి ఎలా చేయాలో చెప్పే పేజీకి అదంతా ఎందుకయ్యా?

గిట్ గారూ, కాకి చెప్పింది సగం నిజం. సైటు వదిలేసి ఇంజిన్‌తో ఆడుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ ఇవాళ మనం వాడే పెద్ద ఇంజిన్లు కూడా ఎవరో తమ బ్లాగు కోసం రాసుకున్నవే. మూవబుల్ టైప్ 2001లో ఒక భార్యాభర్తలు ఆవిడ బ్లాగు కోసం రాసుకున్నది. వర్డ్‌ప్రెస్ 2003లో పుట్టింది, అప్పటికి ఆగిపోయిన బీ2 అనే ప్రోగ్రాంను ఇద్దరు బ్లాగర్లు ఎత్తుకోబట్టి. జెకిల్ 2008లో ఒకాయన తన సైటు కోసం రాసుకున్నాడు.

నేను చూసేది వేరే లెక్క. మీ సైటులో మూడు భాగాలున్నాయి: మీ రాతలు, వాటి చిరునామాలు, వాటిని పేజీలుగా మార్చే ప్రోగ్రాం. మొదటి రెండూ ఎప్పటికీ ఉండాలి. మూడోది ఎప్పుడైనా పారేయగలిగేలా ఉండాలి. వర్డ్‌ప్రెస్‌లో ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి, మీ బాధంతా అక్కడే. మామూలు టెక్స్ట్ ఫైళ్ళలోకి రాతలు వచ్చేశాయంటే ప్రోగ్రాం మీరు రాసినా, హ్యూగో అయినా పెద్ద తేడా లేదు. ఆక్టోప్రెస్ అనే ఇంజిన్ వాడినవాళ్ళు అది ఆగిపోయాక జెకిల్‌కి, జెకిల్ నుంచి ఇంకోదానికి వెళ్ళారు. గ్యాట్స్‌బీ అనే ఇంజిన్‌ని 2023లో నెట్లిఫై కంపెనీ కొనేశాక దాని సందడి తగ్గిపోయింది. ఫైళ్ళు చేతిలో ఉన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

సొంతంగా రాయమనే నేను అంటాను, కానీ కారణం వేరు. ఈ ఇంజిన్లను ఎవరూ తెలుగుతో పరీక్షించరు. ఇంగ్లీషు సైటుకి పది నిమిషాల్లో అయిపోయే పని మన దగ్గర ఎక్కడెక్కడో విరుగుతుంది. విరిగినప్పుడు ఎక్కడ విరిగిందో మీ కోడ్‌లో అయితే కనిపిస్తుంది.

గోంగూర గిట్

తాతగారూ, ఎక్కడెక్కడ విరుగుతుందో కాస్త వివరంగా చెబుతారా? ఇంకా మొదలుపెట్టలేదు కాబట్టి ఇప్పుడే తెలిస్తే మేలు.

టెర్మినల్ తాత

మొదటిది పేజీ చిరునామా. టపా శీర్షిక నుంచి చిరునామా తయారుచేసే ఫంక్షన్ ఒకటి రాస్తారు కదా. అక్షరాలు, అంకెలు ఉంచి మిగతావి తీసేయాలి. పైథాన్ రెగెక్స్‌లో (టెక్స్ట్‌లో నమూనాలు వెతికే పద్ధతి) బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే అక్షరం అనుకుంటాం. దానికి క, త, ల అక్షరాలే. గుణింతాలు, పొల్లు దాని లెక్కలో అక్షరాలు కావు. యూనికోడ్ వాటిని ‘మార్క్’ అనే వేరే తరగతిలో పెట్టింది. కాబట్టి ‘తెలుగు’ ఆ ఫంక్షన్‌లోంచి ‘తలగ’ అయి బయటికి వస్తుంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో యూనికోడ్‌ను అనుమతించమని చెప్పి స్లగ్ (చిరునామా చివరి ముక్క) తయారుచేసినా ఇదే తంతు. జావాస్క్రిప్టులో యూనికోడ్ అక్షరాల తరగతి ఒక్కటే రాసినా అంతే. మార్క్ తరగతిని కూడా చేర్చాలి.

ఇంకా దారుణం ఏమిటంటే తెల్ల పేజీ రాదు, ఎర్రర్ రాదు. ‘కాలు’, ‘కూలీ’ రెండూ ‘కల’ అయిపోయి ఒక పేజీ మీద ఇంకోటి కూర్చుంటుంది.

చిరునామా తెలుగులోనే పెట్టాలా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాలా అన్నది మీ ఇష్టం. యూనికోడ్‌లో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటీ ఒక్కో సంకేతం. తెలుగులో ఒక్కో సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు. లింకు కాపీ చేస్తే ఒక్కో బైటు మూడు క్యారెక్టర్లుగా విచ్చుకుంటుంది. ‘తెలుగు’ అనే మాటలో 6 సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు. వాట్సాప్‌లో అతికించేసరికి 54 క్యారెక్టర్ల పర్సెంటు గుర్తుల దండ. నేనైతే ప్రతి ఫైలు తలలో చిరునామాను చేత్తో, ఇంగ్లీషు అక్షరాల్లో రాసేస్తాను. శీర్షిక తర్వాత మార్చినా చిరునామా మారదు. ఆ ఫంక్షన్ గొడవే ఉండదు.

పాత టపా (వైట్‌ఫీల్డ్)

నేను ప్రోగ్రామర్‌ని కాదు, బడిలో తెలుగు చెబుతాను. నాకు తాతగారి మాటలో చిరునామా సంగతి బాగా తగిలింది. తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ సైట్ల రోజుల్లో పరిచయమైన బ్లాగులు ఎన్నో ఇప్పుడు తెరిస్తే ఏమీ రావు. రాసినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర రాతలూ ఉండొచ్చు. కానీ నా పాత టపాల్లో ఇచ్చిన లింకులన్నీ చచ్చిపోయాయి.

అంతకుముందు సంగతి ఇంకా ఘోరం. తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో ఫాంటుతో ఉండేవి, ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా పిచ్చి గీతలు. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు వేసుకుని వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదివేవాళ్ళం. అందుకే గిట్ గారూ, ఏం వాడినా సరే, మీ రాత ఇంకో ప్రోగ్రాంలో తెరిచినా తెలుగులాగే కనిపించాలి. నాకు తెలిసిన సాంకేతికం ఇంతే.

సెమికోలన్

అక్కా, యూనికోడ్ ఫైలు అయితే ఎక్కడైనా ఒకేలా ఉంటుంది కదా, అదేం సమస్య?

కొత్త కీబోర్డు

ఉండదు తమ్ముడూ. ఐత్వం ఉంది చూడు, దాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే సంకేతంగానూ రాయొచ్చు, ఎత్వం గుర్తు పక్కన ఐత్వపు కింది గుర్తును విడిగా పెట్టీ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, బైట్లు వేరు. పాత మ్యాక్‌ల ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను విడదీసి దాచేది. ‘మైసూర్‌పాక్’ అని ఫైలుకి పేరు పెట్టి లినక్స్ సర్వర్‌కి పంపితే, పేజీలో లింకు కలిసిన మై, ఫైలు విడిపోయిన మై. క్లిక్ చేస్తే 404. కళ్ళు పోయేలా చూసినా తేడా కనపడదు.

తెలుగులో ఇలా విడిపోయే గుణింతం ఇదొక్కటే, బతికిపోయాం. మా టీమ్‌లో కన్నడ సైటు నడిపే కుర్రాడున్నాడు. వాళ్ళకి ఈ, ఏ, ఐ, ఒ, ఓ గుణింతాల గుర్తులు అయిదూ విడిపోతాయి. మందు ఒకటే: చదివిన ప్రతి ఫైలు పేరునీ, శీర్షికనీ, ట్యాగునీ పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ (కలిసిన) రూపంలోకి మార్చేయడం. ఒక్క లైను.

ట్యాగులకి కూడా చేయాలి, మర్చిపోకండి. లేకపోతే ‘చెన్నై’ అనే ట్యాగు పేజీలు రెండు తయారవుతాయి.

కోరమంగళ కాకి

ఇవన్నీ వింటుంటే నా వాదనే బలపడుతోంది. గుణింతాలు, ఐత్వం, ఇంకా ఏమేమి వస్తాయో. ఆవిడో ఆయనో వంటలు రాసుకుందామనుకుంటే మీరు యూనికోడ్ మీద పీహెచ్‌డీ చేయిస్తున్నారు.

టెర్మినల్ తాత

హ్యూగో వాడినా మ్యాక్ ఫైలు పేరు మ్యాక్ ఫైలు పేరేనయ్యా కాకీ. అప్పుడూ తెలుసుకోవాల్సిందే, కాకపోతే వేరేవాళ్ళ కోడ్‌లో వెతుక్కోవాలి.

గోంగూర గిట్

కాకి గారూ, ‘ఆవిడే’. 🙂 మీ మాట కొట్టెయ్యట్లేదు. హ్యూగో వేసి చూశాను. నచ్చిన థీమ్ పాత వెర్షన్‌కి రాసినది, కొత్త వెర్షన్‌లో పేజీ కట్టనంటోంది. థీమ్ సరిచేయాలంటే గో టెంప్లేట్ భాష నేర్చుకోవాలి. అది నేర్చుకునే టైములో నాకు వచ్చిన భాషలో రాసుకోవచ్చు కదా అనిపించింది.

ఇంకో ప్రశ్న. సైటులో వెతుకులాట కావాలి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసు పెట్టుకుంటే దానిలోనే టెక్స్ట్ వెతికే ఎఫ్‌టీఎస్5 ఉంది కదా, సరిపోతుందా?

అట్లతద్ది (బనశంకరి)

ఆగండి ఆగండి. నేను ఆఫీసులో తెలుగు, కన్నడ, తమిళ కంటెంట్ సెర్చ్ మీదే పని చేస్తాను, ఇది నా పేట.

ఎఫ్‌టీఎస్5 మాటలను ముక్కలు చేయడానికి మామూలుగా యూనికోడ్61 అనే టోకెనైజర్ వాడుతుంది. దానికి అక్షరాలు, అంకెలు, ప్రైవేటు సంకేతాలు మాత్రమే మాటలో భాగం. మిగతావన్నీ దానికి ఖాళీ జాగా కిందే లెక్క. తాతగారు చెప్పిన ‘మార్క్’ తరగతి ఇక్కడా దెబ్బ కొడుతుంది. ‘పెసరట్టు’ అని ఇస్తే దాని చేతిలో ప, సర, ట, ట అని నాలుగు ముక్కలు. మీరు వెతికే మాట కూడా అలాగే ముక్కలవుతుంది కాబట్టి ఫలితం వస్తుంది. అందుకే చాలామంది బాగానే పని చేస్తోందనుకుని వదిలేస్తారు. కానీ ‘కాలు’ అని వెతకండి. కీలు, కూలీ, కోలా అన్నీ వచ్చి పడతాయి, అన్నీ దానికి క పక్కన ల మాత్రమే.

టేబుల్ తయారుచేసేటప్పుడు ఆ టోకెనైజర్‌కి కేటగిరీలు అనే ఆప్షన్ ఇవ్వొచ్చు. అక్కడ ఉన్నవాటితో పాటు ఎమ్‌ఎన్, ఎమ్‌సీ అనే మార్క్ తరగతులు చేర్చండి. అప్పటి నుంచి మాట మాటగానే ఉంటుంది.

అప్పుడు రెండో సమస్య బయటపడుతుంది. తెలుగులో విభక్తి మాటకే అతుక్కుంటుంది. టపాలో ‘చింతపండుని’ అని రాసి ఉంటే ‘చింతపండు’ అన్న వెతుకులాటకి అది దొరకదు. ప్రశ్న చివర నక్షత్రం గుర్తు (*) పెట్టి ప్రిఫిక్స్‌గా, అంటే మాట మొదలును బట్టి వెతికితే చాలావరకు దొరుకుతుంది. ‘పప్పు’, ‘పప్పులో’, ‘పప్పుకి’ వరకూ పర్లేదు. ‘ఇల్లు’, ‘ఇంట్లో’ లాంటివి దొరకవు, దానికి వేరే నిఘంటువు కావాలి. వంటల సైటుకి ప్రిఫిక్స్ చాలు. లేదంటే ఎస్‌క్యూలైట్ 3.34 నుంచి ట్రైగ్రామ్ టోకెనైజర్ ఉంది. మూడేసి సంకేతాలుగా కోసి పెట్టుకుంటుంది, మాట మధ్యలోది కూడా పట్టుకుంటుంది. ఇండెక్స్ పెరుగుతుంది, మూడు సంకేతాలకన్నా చిన్న మాట దొరకదు. మీ సైటు సైజుకి అదేమంత బరువు కాదు.

ఇంకొకటి. ‘సాఫ్ట్‌వేర్’ అని మనం రాసేటప్పుడు ట్‌ తర్వాత కంటికి కనపడని సంకేతం ఒకటి పడుతుంది, ట కింద వ ఒత్తు రాకుండా. కొన్ని కీబోర్డులు అది పెట్టవు. ఇండెక్స్‌లోకి ఎక్కించేటప్పుడూ, వెతికేటప్పుడూ దాన్ని తీసేయండి. పేజీలో మాత్రం తీయొద్దు, అక్షరం రూపం మారిపోతుంది.

కొత్త కీబోర్డు

ఈ టపాని బుక్‌మార్క్ చేసుకున్నా అట్లతద్ది గారూ. మా ప్రాజెక్టులో ఏళ్ళుగా ‘సెర్చ్ వింతగా ఉంది’ అనే టికెట్ ఒకటి తెరిచే ఉంది.

పాత టపా

సారాంశం చూపించే చోట కూడా ఇలాంటిదే చూశాను. మొదటి పేజీలో టపా మొదటి నాలుగు ముక్కలు వేస్తారు చూడండి, అక్కడ ‘స్త్రీ’ కాస్తా ‘స్’ దగ్గర ఆగిపోయి చుక్కలు ఉంటాయి. చదువుతుంటే పంటి కింద రాయిలా.

అట్లతద్ది

అక్కా, అది సంకేతాల లెక్కన కోయడం వల్ల. అక్షరాల లెక్కన కోసినా పాత యూనికోడ్ నియమాల్లో పొల్లు దగ్గర తెగిపోయేది. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లోనే తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒక ముక్కగా చూసే నియమం చేర్చారు. గిట్ గారు అంత దూరం వెళ్ళక్కర్లేదు, మాటల మధ్య ఖాళీ దగ్గరే కోయండి. ఇంకా మంచిది, సారాంశం మీరే ఒక వాక్యం రాయండి.

సెమికోలన్

మార్క్‌డౌన్‌తో నాకొచ్చిన తలనొప్పి చెప్తా, ఇది మాత్రం నాకు తెలుసు. బోల్డ్ చేయడానికి మాట చుట్టూ రెండేసి చుక్కలు, అంటే నక్షత్రం గుర్తులు (*), పెడతాం కదా. తెలుగులో ఆ వెంటనే ‘లో’, ‘కి’ అతుక్కుంటాయి. ఉగాది చుట్టూ చుక్కలు పెట్టి ‘కి’ అతికిస్తే పని చేస్తుంది. కానీ చుక్కల లోపల కొటేషన్ ఉంటే, అంటే కొటేషన్లతో సహా “ఉగాది” చుట్టూ చుక్కలు పెట్టి ‘కి’ అతికిస్తే చుక్కలు చుక్కలుగానే పేజీలో కనిపిస్తాయి. కామన్‌మార్క్ (మార్క్‌డౌన్ ప్రమాణం) నియమం ప్రకారం విరామచిహ్నం తర్వాత వచ్చి, వెంటనే అక్షరం తగిలే చుక్కలు ముగింపు గుర్తుగా చెల్లవు. ఇంగ్లీషులో మాటకి మాటకి ఖాళీ ఉంటుంది కాబట్టి వాళ్ళకి అరుదు. అండర్‌స్కోర్‌తో అయితే _ఉగాది_కి కూడా పని చేయదు.

కొటేషన్‌ని చుక్కల బయటికి తీసేస్తే సరిపోతుంది. లేదా అక్కడ నేరుగా హెచ్‌టీఎంఎల్ ట్యాగు రాసేయడమే.

టెర్మినల్ తాత

శభాష్. ఇది నాకు తెలియదు.

గోంగూర గిట్

సెమికోలన్ గారూ, నా పాత టపాల్లో కొటేషన్ పెట్టి బోల్డ్ చేసినవి బోలెడు. ముందే వెతికి మార్చేస్తాను.

రాత్రి డ్యూటీ (బెల్లందూర్)

అందరూ కోడ్ గురించే మాట్లాడుతున్నారు. సైటు చచ్చేది కోడ్ వల్ల తక్కువ, డొమైన్ వల్ల ఎక్కువ.

విదేశీ రిజిస్ట్రార్ దగ్గర డొమైన్ కొని ఆటో రెన్యువల్ పెట్టి హాయిగా ఉన్నవాళ్ళు ఒకసారి లాగిన్ అయి చూసుకోండి. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు ఈ-మ్యాండేట్ నియమాలు అమల్లో ఉన్నాయి. కార్డు నుంచి వాళ్ళంతట వాళ్ళు కోత కోయాలంటే ముందే మ్యాండేట్ నమోదై ఉండాలి. విదేశీ వ్యాపారుల్లో చాలామందికి ఆ ఏర్పాటు లేక పేమెంట్ ఫెయిల్ అవుతుంది, ఆ మెయిల్ స్పామ్‌లో పడుతుంది. డాట్ కామ్ పేరు గడువు దాటి తొలగించాక 30 రోజుల రిడెంప్షన్ (పేరు తిరిగి దక్కించుకునే) సమయం ఉంటుంది కానీ అప్పుడు వాళ్ళు అడిగే ఫీజు వేరే. డాట్ కామ్‌ని ఒకేసారి పదేళ్ళ వరకు కట్టేయొచ్చు. ఓ అయిదేళ్ళయినా కట్టేయండి, అది మీరు రాసే ఏ కోడ్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

రెండోది సైటుకి తాళం గుర్తు తెచ్చే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితం, గడువు 90 రోజులు, దాన్ని ఇంకా తగ్గించి 45 రోజులకి తెస్తామని ప్రకటించారు. గడువు దగ్గర పడుతోందని వాళ్ళు పంపే మెయిళ్ళు 2025 జూన్‌లో ఆపేశారు. కాబట్టి చేత్తో రెన్యూ చేసే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. క్యాడీ లాంటి సర్వర్ పెడితే అదే చూసుకుంటుంది. మీది ఉత్త హెచ్‌టీఎంఎల్ పేజీలే కాబట్టి గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట పెడితే ఆ బాధ్యత కూడా వాళ్ళదే.

కోరమంగళ కాకి

ఇంట్లో రాస్‌ప్బెరీ పై అనే బుల్లి కంప్యూటర్ పెట్టి నడపొచ్చు కదా? ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. సొంతం అంటే పూర్తిగా సొంతం.

రాత్రి డ్యూటీ

నడపొచ్చు, సరదాకి. వాన పడితే మా అపార్ట్‌మెంటులో కరెంటు పోతుంది, జనరేటర్ అందుకునే లోపు రౌటర్ రీస్టార్ట్. అదలా ఉంచితే, ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చాలావాటికి విడి పబ్లిక్ ఐపీవీ4 ఉండదు. ఒకే ఐపీ వెనక వందల ఇళ్ళు ఉంటాయి, బయటినుంచి మీ ఇంటికి దారే ఉండదు. టన్నెల్ పెట్టాలి, అంటే మళ్ళీ ఇంకొకరి సర్వర్. మెమరీ కార్డు మీద లాగ్‌లు రాస్తూ ఉంటే అది ఎప్పుడో పోతుంది.

సొంత సర్వరే కావాలంటే చిన్న వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) తీసుకోండి. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులోనే డేటా సెంటర్ ఉంది. అయినా గిట్ గారి సైటుకి అదీ అక్కర్లేదని నా అభిప్రాయం. వీపీఎస్ అంటే లినక్స్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు. ప్లగిన్ల నుంచి పారిపోయి వీటిలో పడడం ఎందుకు?

వెతుకులాట ఒక్కదాని కోసం ఎస్‌క్యూలైట్‌ని సర్వర్‌లో నడపాలంటున్నారు కదా, ఆ ముక్క నాకు నచ్చలేదు. ఈ మధ్య ఏఐ బాట్లు ప్రతి లింకునీ గోకుతున్నాయి. బాట్లు ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలును పాటించడం వాళ్ళ దయ. వెతుకులాట పేజీ దొరికిందంటే రకరకాల ప్రశ్నలతో కొడుతూనే ఉంటాయి. పేజీలు కట్టేటప్పుడే ఇండెక్స్ ఫైలు ఒకటి తయారుచేసి, వెతికే పని బ్రౌజర్‌కే వదిలేయండి. శీర్షిక, ట్యాగులు, మొదటి పేరా చాలు.

అట్లతద్ది

మనసు ఒప్పుకోవట్లేదు కానీ నిజమే. ఆ సైజుకి బ్రౌజర్‌లో మామూలు స్ట్రింగ్ పోలిక చాలు. ఎఫ్‌టీఎస్ అక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌సీ చేయడం, కనపడని సంకేతం తీసేయడం మాత్రం అక్కడా చేయండి.

కొత్త కీబోర్డు

ఫాంటు గురించి ఎవరూ చెప్పలేదు. బయటి సర్వర్ నుంచి లాగకుండా ఫైలు మీ సైటులోనే పెట్టుకోండి. నోటో సాన్స్ తెలుగు, రామభద్ర, మండలి అన్నీ ఓపెన్ లైసెన్సువే. సైజు తగ్గించడానికి కత్తిరించే పరికరాలు వాడేటప్పుడు ఒత్తుల పట్టికలు పోకుండా చూసుకోండి, పోతే ‘అమ్మ’ ‘అమ్‌మ’ అవుతుంది. లైన్ ఎత్తు 1.7 దాకా ఇవ్వండి. థీముల్లో ఇచ్చే 1.4తో ఒత్తు కింది లైన్ గుడి మీద కూర్చుంటుంది. పేజీ తలలో భాష తెలుగు అని రాయడం కూడా.

టెర్మినల్ తాత

కొత్త టపాలను పాఠకుల రీడర్లకి అందించే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్‌లో తేదీ నెల పేరు ఇంగ్లీషులోనే ఉండాలి. ప్రోగ్రాంలో లొకేల్‌ని (భాష సెట్టింగు) తెలుగుకి మార్చారంటే పైథాన్ ‘జూలై’ అని రాసేస్తుంది, రీడర్లు ఆ ఫీడ్ తేదీని తోసేస్తాయి. ఈమెయిల్ మాడ్యూల్‌లో తేదీ ఫంక్షన్ ఉంది, అది లొకేల్ పట్టించుకోదు. అదే వాడండి. పాత టపాల గుర్తింపు సంఖ్యలు వర్డ్‌ప్రెస్ ఫీడ్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. మార్చారంటే మీ పాఠకులందరికీ పాత టపాలన్నీ కొత్తవిగా ఒకేసారి దిగుతాయి.

గోంగూర గిట్

అందరికీ చాలా థాంక్స్. పైథాన్‌తో మొదలుపెట్టాను. ఫైళ్ళు చదవడం, మార్క్‌డౌన్ మార్చడం, టెంప్లేట్‌లో పోయడం, ఫీడ్ రాయడం, అంతే. బయటి లైబ్రరీ మార్క్‌డౌన్‌ది ఒక్కటే, దాని వెర్షన్ బిగించేశాను. కాకి గారి కోసం చెబుతున్నా, ఇంజిన్ మీద టపా రాయను.

ఒక చోట ఇరుక్కున్నాను. కొత్త టపాలకి ఇంగ్లీషు చిరునామాలు సరే. పాతవాటికి తెలుగు చిరునామాలే ఉన్నాయి, అవి చావకూడదు. శీర్షిక నుంచి మళ్ళీ తయారుచేస్తే కొన్ని సరిపోతున్నాయి, పెద్ద శీర్షికలవి సరిపోవట్లేదు. పాతదానిలో మాట మధ్యలో తెగిపోయి ఉంది.

అట్లతద్ది

వర్డ్‌ప్రెస్ చిరునామాను పర్సెంటు గుర్తులుగా మార్చాక 200 క్యారెక్టర్ల దగ్గర కోస్తుంది. ఇంగ్లీషుకి అది ఎక్కువే. మనకి ఒక్కో సంకేతం 9 క్యారెక్టర్లు, అంటే 22 సంకేతాలకే సరి. గుణింతాలు, పొల్లులు కూడా లెక్కే కాబట్టి మూడు నాలుగు మాటలకే తెగిపోతుంది.

శీర్షిక నుంచి తయారుచేయకండి. ఎక్స్‌పోర్ట్ ఎక్స్‌ఎంఎల్‌లో ప్రతి టపాకీ లింకు ఉంటుంది, దాన్ని డీకోడ్ చేసి అదే వాడండి. ఇంకోటి, లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగులో 85 సంకేతాలు. పాతవి 22 దాటవు కాబట్టి ఇబ్బంది లేదు.

రాత్రి డ్యూటీ

ఫొటోల దారి కూడా మార్చకండి. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో సంవత్సరం, నెల ఎలా ఉందో అలాగే కాపీ చేయండి. గ్యాలరీ షార్ట్‌కోడ్లు (వర్డ్‌ప్రెస్‌కి మాత్రమే అర్థమయ్యే గుర్తులు) టెక్స్ట్‌లో బ్రాకెట్లతో మిగిలిపోతాయి, వెతికి మార్చుకోవాలి. అది చేత్తో చేసే పనే.

పాత టపా

కామెంట్లు ఏం చేస్తున్నారు? మీ ఉలవచారు టపా కింద చర్చ టపా కన్నా బాగుంటుంది. అది పోకూడదు.

గోంగూర గిట్

అక్కా, అవీ ఎక్స్‌పోర్ట్‌లో ఉన్నాయి. టపా కింద మామూలు టెక్స్ట్‌గా అచ్చు వేసేస్తున్నాను. కొత్త కామెంట్ల పెట్టె మాత్రం పెట్టను, ఈమెయిల్ రాయమంటాను. రాతలు, కోడ్ అన్నీ ఉన్న రిపాజిటరీ గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెడుతున్నా, ఇంకెవరికైనా పనికొస్తుంది.

రాత్రి డ్యూటీ

ఎక్స్‌పోర్ట్ ఫైలు కూడా అందులోనే ఉందా? ఆ ఫైల్లో కామెంట్ రాసిన ప్రతివాళ్ళ ఈమెయిలూ, ఐపీ అడ్రసూ ఉంటాయి. పబ్లిక్ చేయకముందు చూసుకోండి.

గోంగూర గిట్

ఉంది. ఇంకా పబ్లిక్ చేయలేదు. ఇప్పుడే తీసేసి గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితా) వేశాను.

టెర్మినల్ తాత

ముందే కమిట్ అయి, అంటే గిట్ చరిత్రలో నమోదై ఉంటే ఇగ్నోర్‌లో వేసినా పాత కమిట్లలో ఉంటుంది తల్లీ. తీసినట్టు కనిపిస్తుంది కానీ ఎవరైనా వెనక్కి వెళ్ళి చూడొచ్చు. చరిత్ర కడిగే పరికరాలున్నాయి గానీ మీది కొత్త రిపాజిటరీయే కదా, దాన్ని పక్కన పెట్టి ఖాళీగా ఇంకోటి తెరవండి. కామెంట్లలోంచి పేరు, తేదీ, మాట మూడే తీసుకుని ఫైళ్ళుగా రాసి అవి ఎక్కించండి.

గోంగూర గిట్

తెరిచాను. ఈసారి రాతలు, కామెంట్ల ఫైళ్ళు, ప్రోగ్రాం మాత్రమే ఎక్కించాను. ఎక్స్‌పోర్ట్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళింది.

కోరమంగళ కాకి

లింకు ఇవ్వండి. ఉలవచారు కోసం, ఇంజిన్ కోసం కాదు.